బయటి కొలత

పేరు, ఇంటిపేరు.
పక్కపక్కన ఉండాల్సిన రెండు పెట్టెలు.
చెరి యాభై శాతం రాశాను,
మూడో తరగతి పిల్లాడికైనా వచ్చే లెక్క.
అయినా ఇంటిపేరు కిందికి జారి
ఎడమ గోడకు ఆనుకుని కూర్చుంది,
బస్సులో కిటికీ సీటు దక్కనివాడిలా మొహం పెట్టుకుని.

బాణసవాడిలో ఒక రక్తపరీక్షల సెంటరు ఫారం ఇది.
పొద్దున ఆరున్నరకి
పరగడుపున వచ్చినవాళ్లను వరసలో నిలబెట్టుకుని
పాత మానిటర్ మీద గిరిజమ్మ గారు నింపాలి దీన్ని.
"ఒకటి పైన, ఒకటి కింద ఉంటే
నా కన్ను తప్పుతుంది, వాళ్ల పేరు తప్పుతుంది.
స్వల్ప సరిచెయ్యమ్మా" అంది ఫోన్లో,
కన్నడం కలిసిన తెలుగులో.

నలభై తొమ్మిది చేశాను. నిలబడింది.
కిటికీ కాస్త ఇరుకు చేస్తే మళ్లీ జారింది.
నలభై ఎనిమిది. నలభై ఏడున్నర.
ఇది లెక్క కాదు,
కె.ఆర్. మార్కెట్లో చేమంతి మూర దగ్గర ఆడే బేరం.
ఫ్లోట్ పెట్టాను, కింద ఉండాల్సిన బటన్ పైకెక్కింది.
ఏ కాలంలోనో ఎవరో రాసి వదిలేసిన మైనస్ మార్జిన్ ఒకటి
అటక మీద ఎలుకలా ఎక్కడో కొరుకుతూనే ఉంది.

ఏడయింది. వాన.
ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎర్రలైట్లు కదలడం లేదు.
ఆఫీసులో నేను, ఇంకా
ప్యాంట్రీలో అర బిగించడానికి వచ్చిన దస్తగిరి.
మదనపల్లె మనిషి. చెవి మీద పెన్సిలు.
నన్నే పెద్ద అనుకున్నాడో ఏమో
టేపు జాపి అడిగాడు:
"మూడడుగులని రాసిచ్చినారు మేడమ్.
లోపలి కొలతా, బయటి కొలతా?
చెక్క మందం యాడ కలపల్ల?"

మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

చెక్క మందం.
సగం, సగం అన్నానే గానీ
అక్షరాలు ఊపిరాడేందుకు లోపల వదిలిన పన్నెండు పిక్సెళ్లూ
చుట్టూ గీసిన సన్నటి గీతా
ఎవరి ఖాతాలో వెయ్యాలో నేను చెప్పనే లేదు.
బ్రౌజరు తప్పేముంది,
అది లోపలి కొలత అనుకుంది పాపం.

"బయటిదే" అన్నాను,
అతనికీ దీనికీ కలిపి.
బాక్స్-సైజింగ్, బోర్డర్-బాక్స్. ఒక్క వరస.
ఫ్లెక్స్ వేసి, మధ్యన పదహారు వదిలి,
కనీస వెడల్పు సున్నా అన్నాను.
జారినది లేచి వచ్చి పక్కన నిలబడింది.

అంతటితో అయిపోతే బాగుండు.
ఇంగ్లీషులో రెండు మాటలైన లేబులు
తెలుగులో "ఆధార్ కార్డులో ఉన్న ఇంటిపేరు" అయ్యేసరికి
రెండు వరసలుగా మడిచి పెట్టెను కిందికి తోసింది.
సరే, అన్నీ అడుగుకు ఆనాలి అని రాశాను.
ఆనాయి.

"దస్తగిరీ, నీ పేరు చెప్పు, వేసి చూస్తా."
"షేక్ దస్తగిరి."
"ఇంటిపేరు?"
నవ్వాడు. "మాకు యాడివి మేడమ్ ఇంటిపేర్లు.
మా వీధంతా షేకులే."

ఖాళీగా వదిలి నొక్కాను.
'ఇది తప్పనిసరి' అని ఎర్రగా ఒక వాక్యం కింద పుట్టి
ఇంటిపేరు పెట్టెను అర అంగుళం పైకి ఎగదోసింది.

ఆ వాక్యానికి ముందే చోటు కేటాయించొచ్చు.
ఎలాగో తెలుసు, రెండు నిమిషాల పని.
కాసేపు చూశాను.
తప్పనిసరి అన్న ముక్కే తీసేశాను,
పక్కనున్న ఎర్ర చుక్కతో సహా.
నివేదిత మేడమ్ రేపు అడుగుతుంది. అడగనీ.

స్క్రూలు ఏరుకుంటూ వెనక నిలబడి చూశాడు.
"ఆ రెండో గూట్లో ఏం పెడతారు మేడమ్?"
"ఉన్నవాళ్లు పెడతారు."
తలూపి
డ్రిల్లు తీసుకుని ప్యాంట్రీలోకి పోయాడు.